ముప్పై ఒకటో వరుస

సిగరెట్టు మానేశాక
చేతులు ఊరుకోలేదు.
పీతల పడవలో వంటవాణ్ణి నేను.
పుంటా అరెనాస్ రేవులో ఆగిన రోజు
అయిదు సూదులు, రెండు ఉండల ఊలు కొనుక్కొచ్చాను.
"వంటింట్లో పెళ్లికూతురు కూర్చుంది రోయ్" అని
చిగ్వాయ్ పడవంతా చాటింపు వేశాడు.
వాడి నవ్వుకి రెండు వరుసలు,
నా మొండితనానికి పది.

ఫోనులో దొరికిందా బొమ్మ.
గళ్ల కాగితం, పెన్సిలు గీతలు,
ఒక మూలన జామ్ మరక.
బాల్టిక్ సముద్రంలో ముహూ అని ఒక దీవి,
అక్కడ హెల్యు అని ఒకావిడ
చేతితొడుగు మీదికి ఎనిమిది రెక్కల చుక్కను
గడిగడికీ లెక్కపెట్టి గీసి,
ఎవరికైనా పనికొస్తుందిలే అని
లోకం మీదికి వదిలేసింది.

ముప్పై ఒకటో వరుసలో ఆగిపోయాను.
ఏడు రెక్కలు సరిగ్గానే ఉన్నాయి,
ఎనిమిదోది ఒక్క గడి పొట్టి.
విప్పాను. అల్లాను. విప్పాను.
పొయ్యి మీద పులుసు అడుగంటింది.
మూడోసారి విప్పుతుంటే కెప్టెన్ తొంగిచూసి
"ఇవాళ్టి కూర ఊలేనా?" అన్నాడు.

ఉండబట్టలేక అడిగేశాను.
ఆమె భాష నాకు రాదు, నాది ఆమెకు రాదు.
మధ్యలో మాట మార్చే యంత్రానికి
మా ఇద్దరివీ సగం సగం వచ్చు.
"అమ్మా, ఆ పొట్టి రెక్కకు అర్థం ఏమిటి?
మీ దీవిలో ఆచారమా? దిష్టి తగలకుండానా?"

రెండు రోజులకు జవాబు:
"మీ గొర్రె చాలా అందంగా ఉంది."
ఊలు అని ఉంటుందిలే.
దాని కింద,
"ఆచారం కాదు నాయనా.
ఆ రాత్రి కరెంటు పోయింది.
కొవ్వొత్తి వెతికి తెచ్చేలోపు లెక్క తప్పాను."

అంతేనా!
నేను దానికి ఎన్ని అర్థాలు కట్టానో.
గాలికి విరిగిన తెడ్డు అనుకున్నాను.
సముద్రం నుంచి తిరిగిరాని మనిషి కోసం
వదిలిపెట్టిన చోటు అనుకున్నాను.
చిగ్వాయ్‌కి అలాగే చెప్పాను కూడా.
వాడు నవ్వలేదు. టోపీ తీశాడు.
వాడి అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి
నాలుక కరుచుకున్నాను.

దిద్దిన బొమ్మ పెడతానంది హెల్యు.
పెట్టేలోపే ఫోటోలు రావడం మొదలైందట.
హొక్కైదోలో బడి బస్సు నడిపే ఆవిడ
స్టీరింగు మీద చేతులు పెట్టి తీయించుకున్నది ఒకటి.
లెసోతో కొండల్లో ఒక నర్సు
ఆసుపత్రి కాపలాదారుకి అల్లిచ్చిన జత ఇంకొకటి.
ఎరుపూ తెలుపూ, నీలమూ పసుపూ.
అన్ని చుక్కలూ అదే కాలు కుంటుతున్నాయి.
ఒక్కరూ సరిచేయలేదు.
ముహూలో ఆ రాత్రి పోయిన కరెంటు
ముఖాలు ఎరగని అందరి చేతుల్లోనూ
అదే గడి దగ్గర పోయింది.

తర్వాత దిద్దిన బొమ్మా వచ్చింది.
చక్కగా ఉంది, వంక పెట్టడానికి లేదు.
ఎడమ చేతికి దాని ప్రకారం అల్లుకున్నాను,
కుడి చేతికి పాతదే.
జూన్ చలిలో బోనులు లాగడానికి పిలిస్తే
రెండూ తడుస్తాయి,
రెండూ పీతల కంపే కొడతాయి.
సాయంత్రం పొయ్యి పైన ఆరేసినప్పుడు మాత్రం
నా కన్ను కుడిదాని మీదికే పోతుంది.

మొన్న రాత్రి చిగ్వాయ్ గుమ్మంలో నిలబడ్డాడు,
సరుకుల చీటీ వెనక
తన చెయ్యి ఆనించి గీసుకున్న బొమ్మతో.
"కుంటి చుక్కదే కావాలి, రెండు చేతులకీ.
నువ్వు అల్లిపెట్టకు, నాకు నేర్పు."
ఉల్లిపాయల బుట్టలోంచి సూదులు తీసిచ్చాను.
తాడులాంటి ఆ వేళ్లు
మొదటి ముడికే చెమట పట్టాయి.

కరెంటు సంగతి చెప్పేద్దామని
నోరు తెరిచాను.
వాడు అప్పటికే
పెదవులు కదిలిస్తూ
గడులు లెక్కపెడుతున్నాడు.